నలుపు దిగిన రూపాయి

మా మేనత్త తన అత్తగారి పెట్టెలోంచి 1919 నాటి వెండి రూపాయి తీసి, మనవడికి ఉంగరం చేయించుకురమ్మంది. కుప్పంలో ప్యాసింజరెక్కి కామసముద్రంలో ఆచారికి ఇచ్చొచ్చాను. కర్ణాటకే అయినా బజారులో వినబడేది మన తెలుగే.

పదిరోజులకు మళ్లీ వెళ్తే ఉంగరం తయారుగా ఉంది. మధ్యలో రంధ్రం కొట్టి, కాల్చి, కడ్డీకి తొడిగి సుత్తితో అంచు మడిచాడు. తళతళలాడుతోంది. అయితే ఒక్క అక్షరమూ ఆనదు.

"ఇంకా అయిపోలేదు సార్, నలుపు దించాల" అన్నాడు.

గాజు గ్లాసులో వేడినీళ్లు పోసి, గంధకంతో వండిన పసుప్పచ్చ గడ్డలోంచి చిటికెడు వేశాడు. కుళ్లిన కోడిగుడ్డు కంపు! రాగితీగకు ఉంగరం కట్టి ముంచాడు. ముందు పసుపు, తర్వాత వంకాయరంగు, చివరికి కుంపట్లో బొగ్గు.

"నీళ్లు మరిగిపోతా ఉంటే నలుపు పెచ్చులై రాలిపోతాది" అంటూ సోడా ఉప్పు నీళ్లలోకి మార్చాడు.

అప్పుడే మెట్టెలు మెరుగు పెట్టించుకోను వచ్చినామె తొంగిచూసింది. "అయ్యో, చెడిపోయిందా ఆచారన్నా?"

ఆయన పలకలేదు. బొటనవేలికి గుడ్డ చుట్టి, పళ్లపొడి అద్ది, మీదమీద రుద్దాడు. మిట్టలు తెల్లబడ్డాయి, పల్లాల్లో నలుపు నిలిచింది. జార్జి రాజు బిరుదు అక్షరం తర్వాత అక్షరం లేచింది. లోపలివైపు పూలదండ. నేను ఊపిరి బిగబట్టి చూశాను.

ఆమె వెళ్లాక నోరు విప్పాడు. "తెల్లగుంటేనే వెండి అంటారు సార్. ఉండే పనంతా మరలో అరగదీయించుకుంటారు. పాత రూపాయి తెచ్చినా తూకమే అడుగుతారు."

నిజమే. తులం బరువు, వెయ్యింట 917 పాళ్లు వెండి. 1940లో సగానికి దిగిపోయింది కాబట్టి అంతకు ముందువాటికి గిరాకీ, అదీ కరిగించడానికి. రూపాయి మీద ఇదే జార్జి రాజు దుస్తుల్లోని ఏనుగు పందిలా ఉందని 1911లో జనం గొడవ చేస్తే, మరుసటేడే అచ్చు సరిదిద్దారు. గోరంత బొమ్మలో తొండం వెతికినవాళ్ల మనవలం మనం! ఇక నలుపు సంగతంటారా, బిద్రీ పనిలో వెండి తెల్లగా ఉండి చుట్టూ లోహం నల్లబడుతుంది. ఆ నలుపుకు సర్కారు అంగళ్లలో అద్దాల బీరువాలున్నాయి. ఈయన నలుపు చూస్తే చెడిపోయిందంటారు. కేజీఎఫ్ పక్కన ఉన్నందుకేమో, గనులు 2001లో మూతపడ్డా ఇటొచ్చేవాళ్లు బంగారం కబుర్లే అడుగుతారట.

డబ్బులిచ్చి లేచాను.

"ఉండండి సార్." కాగితం పొట్లం ఒకటి చేతిలో పెట్టాడు. రంధ్రం కొట్టినప్పుడు తెగిన బిళ్ల. ఒకవైపు రాజుగారి ముక్కూ గడ్డమూ. తిప్పితే 1919.

"ఏడు దీంట్లోనే ఉండాది. అమ్మకి చెప్పి ఇవ్వండి."