సున్నా

మా అమ్మ నడుం నొప్పికి నేనేసిన మార్కు సున్నా. పిల్లల పేపర్లు దిద్దే చేత్తోనే వేశాను.

2022లో అమ్మను టౌనులో ఆసుపత్రికి తీసుకుపోయాను. ఒక ఫారం ఇచ్చారు. అమ్మకు చదువు రాదు, నేనే నింపాలి. నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత అని మొదటి ప్రశ్న.

"నొప్పికి లెక్కేందిరా? వొంగితే ఒకరకం, లేస్తే ఒకరకం."

నొప్పివల్ల ఈ నెలలో ఎన్ని రోజులు పనికి పోలేదు?

"పోకపోతే కూలెవడిస్తాడు? ఒక్కరోజూ మానలా."

0 అని రాశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అదే ఏడు మెడ నొప్పని నేను ఐదు రోజులు మెడికల్ లీవు పెట్టాను. జీతం ఆగలేదు. ఫారం లెక్కలో నా నొప్పి ఐదు, అమ్మది సున్నా. సెలవున్నోడి నొప్పికే రికార్డు. మూడు నెలలు దాటితే దీర్ఘకాలిక నొప్పి అంటారు డాక్టర్లు. అమ్మది 2008 నుంచి. నా డిగ్రీ ఫీజు కోసం ఆమె ఒక్క నాటూ వదలని ఏడు అది.

"నిజం చెప్పమ్మా, పని తగ్గలేదా?" అని తెల్లారి అడిగాను.

"తగ్గకేం? ఒకప్పుడు ముఠాలో నా మునుమే ముందుండేది. ఇప్పుడు ఎనకబడతన్నా. పక్కోళ్లు నాది కూడా నాటి గట్టెక్కిస్తన్నారు. కూలి మాత్రం సమానంగానే పంచుతున్నారు. పొద్దున్నే బిళ్ల ఏసుకుంటేగాని మడిలో దిగలేను."

తోటి ఆడవాళ్ల నడుముల మీద పడ్డ ఆ బరువును, కూలిలోంచి బిళ్లలకు పోయే డబ్బును, అన్నం వండలేక గోడకు చేరగిలబడే సాయంత్రాలను ఏ గడిలో రాయాలి?

కొలతలు లేక కాదు. జబ్బువల్ల గత 7 రోజుల్లో ఎన్ని గంటల పని పోయింది, చేసిన పని ఎంత కుంటుపడింది అని రెండూ అడిగే ప్రశ్నావళి 1993లోనే వచ్చింది. కానీ అది జీతగాళ్ల గంటల లెక్క. అమ్మ గంట పోలేదు, పని కుంటుపడనీయలేదు ముఠా. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేరుపేరునా చెప్పింది. అందులో నొప్పి లేదు.

మా పనిని తరతరాలుగా కొలుస్తూనే ఉన్నారు. ఎకరాల్లో కొలిచారు, బస్తాల్లో కొలిచారు, ఉపాధి పనిలో ఘనపు మీటర్లలో కొలిచారు. ఆ పని చేసిన ఒంటినే కొలవలేదు.

నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని 2020లో అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం రాసుకుంది. మళ్లీ ఆసుపత్రికి పోయినప్పుడు నా సున్నా కొట్టేసి, ఫారం వెనక అమ్మ మాటలు ఉన్నవున్నట్టు రాసిచ్చాను. డాక్టరమ్మ చదివి, "ఈ సంగతులు ముందెందుకు చెప్పలేదు?" అంది.

"మీరు అడగలా" అంది అమ్మ.

నేనూ అడగలేదు. పద్నాలుగేళ్లు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రేపు మీ అమ్మల ఫారాలు మీరే నింపుతారు. గడి చాలకపోతే వెనక రాయండి. నాలాగా సున్నా వేయకండి.