గుంత కనిపిస్తే... కారు ఆగుతుంది!

రిటైరయ్యాక ఏం చేస్తారు? పొద్దున్నే పార్కులో నాలుగు రౌండ్ల నడక, కాఫీ, పేపరు, సాయంత్రం గుడి, రాత్రికి విదేశాల్లో ఉన్న పిల్లలతో కబుర్లు... అరవై దాటినవాళ్లున్న చాలా ఇళ్లలో దినచర్య ఇదే. రాజేంద్రనగర్ ప్రాంతానికి చెందిన ఓ జంట మాత్రం కారు డిక్కీలో తారు కలిపిన కంకర గోతాలు, పార, గడ్డపార వేసుకుని రోడ్డెక్కేది. ఎక్కడ గుంత కనిపిస్తే అక్కడ కారు ఆగేది. ఆ ఇద్దరే గంగాధర తిలక్, వెంకటేశ్వరి.

బాపూఘాట్ దాటితే...

మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌస్ మీదుగా వస్తే బాపూఘాట్ వస్తుంది. హిమాయత్‌సాగర్ నుంచి వచ్చే ఈసా, గండిపేట నుంచి వచ్చే మూసీ కలిసేది ఇక్కడే. 1948లో గాంధీజీ అస్థికలు నిమజ్జనం చేసిందీ ఇక్కడే. ఇంకాస్త ముందుకెళితే హైదర్షాకోట్. కస్తూర్బాగాంధీ జాతీయ స్మారక ట్రస్టు ఉన్నది ఆ ఊళ్లోనే. ఒకప్పుడు చుట్టూ పొలాలు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది, ఔటర్ రింగ్‌రోడ్డు వచ్చింది. పొలాలు కాలనీలయ్యాయి, ఎడ్లబండ్లు తిరిగిన బాటల్లో లారీలు తిరిగాయి. ఇళ్లు లేచినంత వేగంగా రోడ్లు బాగుపడవు కదా!

తిలక్ రైల్వే ఉద్యోగి. 2008లో రిటైరయ్యాక ఓ ప్రైవేటు సంస్థలో చేరారు. 2010లో ఓ రోజు ఈ దారిలోనే కారులో వెళుతుంటే చక్రం గుంతలో పడింది. అందులో నిలిచిన బురదనీళ్లు ఎగిరి, బడికి నడిచి వెళుతున్న పిల్లల మీద పడ్డాయి. ఉతికిన యూనిఫాం నిండా మరకలు. తప్పు గుంతదే అనుకుని వెళ్లిపోవచ్చు. ఆయన అలా అనుకోలేకపోయారు. సొంత డబ్బుతో మొరం తెప్పించి ఆ గుంతల్ని పూడ్పించారు. అక్కడితో ఆగలేదు. వారాంతాల్లో పార పట్టుకోవడం అలవాటైంది. కొన్నాళ్లకు ఉద్యోగమే మానేశారు.

అబ్బాయికి ఫోను

ఇంట్లో ఎవరికైనా కంగారే కదా! పెద్ద వయసులో, ఎండలో, ట్రాఫిక్ మధ్య ఈ పనేమిటని వెంకటేశ్వరి బెంగపడ్డారు. అమెరికాలో ఉన్న అబ్బాయికి చెప్పారు. నాన్నకు నచ్చజెప్పడానికి వచ్చిన అబ్బాయి, ఆయన చేస్తున్నది చూసి తనూ సాయం పట్టాడు. ఈ పనికి ‘శ్రమదాన్’ అని పేరు పెట్టి, నలుగురికీ తెలిసేలా వెబ్‌సైటు తయారుచేశాడు. తర్వాత వెంకటేశ్వరి కూడా భర్త పక్కన కారెక్కారు. వద్దన్న ఆవిడే తోడయ్యారు!

గుంత పూడ్చడమంటే మట్టి పోసి రావడం కాదు. రోడ్డులో చిన్న పగులు పడితే చాలు, వాననీరు లోపలికి దిగి అడుగున ఉన్న కంకరను వదులు చేస్తుంది. పైనుంచి బండ్లు తొక్కేకొద్దీ పెళ్లలు లేచిపోతాయి. గుప్పెడంత పగులు వానాకాలం ముగిసేసరికి గంగాళమంత అవుతుంది. అందుకే ముందు నీళ్లు తోడాలి, దుమ్ము ఊడ్చాలి, తారు కలిపిన కంకర నింపాలి, రోడ్డుతో సమంగా దిమ్మిస కొట్టాలి. ఒట్టి మొరమైతే నాలుగు వానలకే కొట్టుకుపోతుంది. తర్వాత్తర్వాత జీహెచ్ఎంసీ కూడా సామగ్రి ఇచ్చి సాయపడింది.

లెక్క తేలని లాభం

2021 జులై నాటికి ఆయనకు 73 ఏళ్లు, ఆవిడకు 64. పదకొండేళ్లలో సుమారు 2,030 గుంతలు పూడ్చామని, పింఛను డబ్బులోంచి దాదాపు 40 లక్షల రూపాయలు ఖర్చయిందని అప్పట్లో వాళ్లు చెప్పారు.

రోడ్లు బాగుచేయడం ప్రభుత్వం పని కాదా? నిజమే, ప్రభుత్వం పనే. పన్నులు కట్టేది అందుకే. కానీ అధికారులు వచ్చేదాకా బండి మీద వెళ్లేవాడి ప్రాణం ఆగదుగా! 2017లో ఒక్క ఏడాదిలోనే దేశంలో గుంతల వల్ల జరిగిన ప్రమాదాల్లో 3,597 మంది చనిపోయారని కేంద్రం లెక్కలు చెప్పాయి. చనిపోయినవాళ్లను లెక్కపెట్టవచ్చు. పూడ్చిన గుంత మీదుగా క్షేమంగా ఇల్లు చేరినవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టలేరు. ఇక్కడో గుంత ఉండేదన్న సంగతి కూడా వాళ్లకు తెలియదు.

బడిపిల్లలు మరకల్లేని యూనిఫాంతో బడికి చేరితే చాలు... ఆ రోజు పని ఫలించినట్టే!