సమాధుల నడుమ ఉద్యానవనం

గోల్కొండ కోట బంజారా దర్వాజాకు సమీపంలోనే కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణ ఉన్నది. సెలవురోజున కుటుంబాలతో కలిసి మేము అక్కడికి వెళ్లాము. 106 ఎకరాల ఈ స్థలంలో సమాధులు, మసీదులు, బావులు కలిపి నూరుకు పైగా కట్టడాలున్నాయి. 1591లో హైదరాబాదుకు పునాది వేసిన ముహమ్మద్ కులీ ఇక్కడే విశ్రమిస్తున్నాడు. చివరి సుల్తాను తానీషాకు మాత్రం ఈ నేల దక్కలేదు. బందీగా మరణించిన ఆయన సమాధి దూరాన ఖుల్దాబాదులో ఉన్నది.

2013లో ప్రభుత్వంతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు చేపట్టిన పునరుద్ధరణ 2024 జూలైలో పూర్తయింది. గత శతాబ్దంలో పూసిన సిమెంటును తొలగించి, మేస్త్రీలు పూర్వపు పద్ధతిలో సున్నపు గచ్చు చేశారు. వర్షాలకు కూలిన బడీ బావ్లీ గోడను తిరిగి నిలిపారు. ఇక్కడి మెట్లబావుల పునరుద్ధరణకు 2022లో యునెస్కో పురస్కారం లభించింది.

నీడనిచ్చే చెట్లు, విశాలమైన దారులు చూసి పిల్లలు పరుగులు తీశారు. వారిని వారించలేదు, ఇరుకు ఇళ్లలో పెరిగే పిల్లలకు ఇంతటి ఆరుబయలు అరుదు. అయితే గుంబజుల లోపల కొందరు సందర్శకులు ఖబ్రులకు ఆనుకొని ఫొటోలు దిగుతూ, బిగ్గరగా నవ్వుతూ కనిపించారు. రాజకుటుంబీకుల మృతదేహాలకు గుస్ల్ చేయించిన హమామ్ వద్ద మేము పిల్లలను కూర్చోబెట్టి, సుల్తానుకైనా సామాన్యునికైనా చివరి స్నానం ఒకటేనని చెప్పాము. ఖబ్రుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందని దైవప్రవక్త (స) బోధించారు.

పాఠకులు పిల్లలతో తప్పక వెళ్లాలి. తోటలో ఆడనివ్వండి, గుంబజు గడప వద్ద చెప్పులతోపాటు సందడినీ విడిచి, సలాం చెప్పి లోపలికి నడవండి.