మూడో గుర్రం

ఎవరితోనూ అననంటే మీకో రహస్యం చెబుతాను. మా అబ్బాయి మిలటరీ ఆఫీసరు సెలక్షనుకి వెళ్ళి రెండుసార్లు తిరిగొస్తే, రెండుసార్లూ ఆంజనేయస్వామికి కొబ్బరికాయ కొట్టాను. వాడి ముందు మాత్రం "అయ్యో నాయనా!" అంటూ కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాననుకోండి.

మూడోసారి పిలుపొచ్చింది. "ఇంకెందుకురా? రెండుసార్లు చూశావుగా!" అన్నాను చారు పోపు వేస్తూ. వాడు పీట మీద కూర్చుని, "అమ్మా, గోవింద్ సింగ్ కథ చెప్పనా?" అన్నాడు. సరే, పోపు మాడకుండా వింటానన్నాను.

ఆయనది జోధ్‌పూర్ సంస్థానంలో దామోయీ అనే పల్లె. 1887లో పుట్టాడు. గుర్రపు దళంలో లాన్స్ దఫేదారు, అంటే చిన్న నౌకరీయే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఎడారి పిల్లవాణ్ణి తీసికెళ్ళి ఫ్రాన్సు చలిలో నిలబెట్టారు. ఎవరి రాజ్యం కోసం ఎవరి బిడ్డలు! అలా సముద్రాలు దాటి వెళ్ళిన మనవాళ్ళు పది లక్షల పైనేనట. ఢిల్లీలో తీన్ మూర్తి ముందు నిలబడి మేమూ ఫోటో దిగాం గానీ, ఆ మూడు విగ్రహాల్లో ఒకటి 1918లో పాలస్తీనాలో పోరాడిన మన హైదరాబాదు ఆశ్విక దళానికి గుర్తు అని మాలో ఒక్కరికీ తెలిస్తేనా!

1917 డిసెంబరు 1న కాంబ్రే యుద్ధంలో, ఎపెహీ అనే ఊరి దగ్గర, గోవింద్ సింగ్ ఉన్న రెండో లాన్సర్స్ దళం శత్రువుల మధ్య చిక్కుకుంది. బ్రిగేడు కార్యాలయానికి కబురు వెళ్ళాలి. దూరం ఒకటిన్నర మైలు. మన ఇంటి నుంచి కూరల బజారంత. కానీ అంతా బయలు. చెట్టు లేదు, చాటు లేదు. ఎదురుగా జర్మన్ తుపాకులు. "నేను వెళతా"నని గుర్రమెక్కాడు. దారిలో గుర్రం గుండు తగిలి కూలిపోయింది. మిగతా దారి కాలినడకన వెళ్ళి కబురు అందించాడు. మళ్ళీ కబురు మొయ్యాల్సి వచ్చింది. రెండో గుర్రం. అదీ కూలింది. మళ్ళీ నడక. మూడోసారీ తానే ముందుకొచ్చాడు. మూడో గుర్రమూ పోయింది. మూడోసారీ కబురు చేరింది.

ఇందుకే విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఎర్ర రిబ్బనుకి వేలాడే చిన్న కంచు పతకం. మనవాళ్ళకి అది ఇవ్వచ్చని తెల్లవాళ్ళకి తోచింది 1911లోనేనట! ఆయన యుద్ధం నుంచి బతికి వచ్చి, 1942లో పోయాడు.

నాకు పతకం మీదకి మనసు పోలేదు. మూడో గుర్రం మీదే ఆగిపోయింది. మొదటిసారి వెళ్ళడం గొప్పే, కాదనను. కానీ మొదటిసారి మనిషికి ఏం జరుగుతుందో పూర్తిగా తెలియదు. తొలి కాన్పుకి మనం నవ్వుతూనే పుట్టింటికి వెళ్ళలేదూ? మలి కాన్పుకే గదా, ఆస్పత్రి మెట్లెక్కుతుంటే కాళ్ళు వణికేది! అన్నీ తెలిసీ మూడోసారి రికాబులో కాలు పెట్టాడే, అదీ ధైర్యం. పైగా ఆ పూట ఆయన చేసింది ఒకళ్ళని చంపడం కాదు, చిక్కుకున్న తనవాళ్ళ మాట అవతలికి చేర్చడం.

మావాడి ముఖంలోకి చూశాను. రెండుసార్లు ఓడి వచ్చిన పిల్లాడు మూడోసారి పెట్టె సర్దుకుంటున్నాడు. వాడి గుర్రాలు పడిపోవాలని మొక్కింది ఎవరో కాదు, కన్నతల్లి! సిగ్గేసింది. భయం పోయిందా అంటారా? పోలేదు. దామోయీలో ఆ తల్లికి మాత్రం లేదంటారా?

ఆ రాత్రి సున్నుండలు చుడుతుంటే మా అత్తగారు పక్కన చేరి, "ఈసారి ఏమని మొక్కావే?" అని మెల్లిగా అడిగారు. ఆవిడకి అన్నీ తెలుసు!

"వాడు అనుకున్నది జరగాలని మొక్కానండీ, అత్తయ్యా."

"అయితే కొబ్బరికాయ పెద్దది తెప్పించు," అని ఆవిడ ఇంకో ఉండ చుట్టారు.