రూయీకి పెద్దాపరేషన్

మా ఇంట్లో కుందేలు ఉందని తెలిసిన ప్రతి రిష్తేదారూ అడిగే మొదటి సవాల్ ఒకటే: "పెంచుకోడానికా, పకాయించుకోడానికా?" హలాలే కదా, అడగడంలో తప్పు లేదు. కానీ మా సాహెబ్‌జాదీ ముందు మాత్రం అడక్కండి. పదమూడేళ్లది. ఆ మాటన్న వాళ్ల చిచ్చాతో మూడు వారాలు సలామ్ కూడా బంద్ చేసింది.

రూయీ మా ఇంటికి వచ్చింది 2024 డిసెంబర్‌లో. అంతకుముందు సింగ్ నగర్లో ఉండేది. సెప్టెంబర్ 1న బుడమేరు మీదపడ్డ రోజు ఆ ఇంటివాళ్లు టీవీ వదిలేశారు, ఫ్రిజ్ వదిలేశారు, దీన్ని మాత్రం ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని పై అంతస్తుకి ఎక్కారట. ఆ వారమంతా నేను పడవల్లో తిరుగుతూ వార్తలు రాశాను. అప్పుడే పరిచయమయ్యారు. కిందవాటాలో సామానంతా పోయింది, పని పోయింది, చివరికి హైదరాబాద్ వెళ్లిపోదామని తీర్మానించుకున్నారు. "అక్కడ ఒక్కటే గది సార్, మీ పాప అడిగింది కదా" అని బుట్ట నా చేతిలో పెట్టారు. ఆ ఇంటావిడ బుట్ట వదలడానికి చాలాసేపు పట్టింది. అమానత్ అంటే ఏంటో ఆ రోజు చేతికి తెలిసింది.

తెల్లటి తెలుపు. అందుకే అమ్మీ "రూయీ" అని పిలిచింది, దూదికి మా ఇంటి మాట. పిలిచిందే గానీ మొదట్లో దగ్గరికి రానిచ్చేది కాదు. "జానమాజ్ దగ్గరికి రానియ్యకురే, వజూ చేసిన కాళ్ల మీద ఎక్కుతోంది" అని గోల.

జనవరి మొదటి వారంలో ఓ పొద్దున దీవాన్ కింద తెల్లటి బొచ్చు కుప్ప కనపడింది. రూయీ తన గొంతు కింద బొచ్చు, పొట్ట మీద బొచ్చు నోటితో పీక్కుని, గడ్డిపరకలు కలిపి గూడు కట్టుకుంది. అమ్మీ కూర్చుండిపోయి చూసింది. "ఇది కడుపుతో ఉందిరా. చూడు, పిల్లల కోసం రజాయి కుడుతోంది." ఆ రోజు నుంచి ఎవరూ చెప్పకుండానే కొత్తిమీర కట్టలో సగం రూయీకి పోయేది.

పిల్లలు రాలేదు. వెటర్నరీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే కడుపు తడిమి చూసి, కడుపేం లేదంది. కుందేళ్లకి ఒక్కోసారి ఉత్త కడుపు వస్తుందట. మగతోడు లేకపోయినా ఒళ్లు మోసపోతుంది. రెండు వారాల పైన గర్భం ఉన్నట్టే నడుచుకుంటుంది, గూడు కడుతుంది, తర్వాత ఏమీ ఉండదు. ఆడ కుందేలుకి వయసు పెరిగేకొద్దీ గర్భసంచిలో కేన్సర్ వచ్చే ప్రమాదం కూడా చాలా ఎక్కువని, దీనికి రెండేళ్లు నిండాయి కాబట్టి గర్భసంచి, అండాశయాలు తీసేయడం మేలని చెప్పింది.

అమ్మీ నావైపు తిరిగి మెల్లగా అడిగింది. "బచ్చేదానీ నికాల్ దేతే?"

ఔనన్నాను. ఇంటికొచ్చే దాకా మళ్లీ మాట్లాడలేదు.

ఇంటికొచ్చాక మొదలుపెట్టింది. "అల్లా ఇచ్చిన బచ్చేదానీ. తీయడానికి మనమెవరం? గునాహ్ కాదా?" నేను మా మసీదు మౌలానాని అడిగాను. ఆయన నవ్వి, "బక్రీద్‌కి ప్రతి ఏడూ ఖస్సీ బక్రా వెతికి మరీ కొంటావు కదా మియా, అప్పుడెప్పుడూ మస్లా అడగలేదే?" అన్నారు. జాన్వర్‌కి ఫాయిదా ఉంటే, ఊరికే హింసపెట్టడం కాకపోతే హనఫీ ఫిఖహ్‌లో దానికి జాయెజ్ ఉందని చెప్పారు. వచ్చి అమ్మీకి చెప్పాను. తల ఊపింది గానీ ఆ తల ఊపడంలో ఒప్పుకోవడం లేదు. వేరే ఏదో ఉంది. నాకప్పుడు తట్టలేదు. జర్నలిస్టునని పేరే గానీ ఇంట్లో ఖబర్ ఎప్పుడూ నాకు ఆఖర్నే తెలుస్తుంది.

ఆపరేషన్ ముందు రాత్రి అమ్మీ గిన్నె ఎత్తేయబోయింది, పొద్దున కోత కదా, పరగడుపున ఉండాలని. డాక్టరమ్మ అక్కర్లేదని ముందే చెప్పింది. కుందేలు వాంతి చేసుకోలేదు, అందుకని మత్తులో వాంతి గొంతుకి అడ్డం పడుతుందన్న భయం లేదు. పైగా పేగులు ఖాళీగా ఉండటమే దానికి ఖతరా. "అంటే దీనికి రోజా లేదన్నమాట" అంది మా పాప. ఆ వారంలో అమ్మీ నవ్వింది ఆ ఒక్కసారే.

శనివారం మధ్యాహ్నం రూయీని ఇంటికి తెచ్చాం. డాక్టరమ్మ ఒక తెల్లకాగితం మీద జాగ్రత్తలన్నీ తెలుగులో తన చేత్తో రాసిచ్చింది. అమ్మీకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పగలంతా ఇంట్లో ఉండేది అమ్మీయే. అందుకని కూర్చుని ఆ కాగితమంతా ఉర్దూలోకి రాశాను. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు, నా రెండు జుబాన్లూ ఒక కుందేలు కోసం కలుస్తాయని ఎప్పుడూ అనుకోలేదు. "స్పే" అన్న దగ్గర కలం ఆగింది. ఖస్సీ అనేది మగవాటికి. తెలుగులో ఆడవాళ్లు పెద్దాపరేషన్ అంటారు. చివరికి అమ్మీ అన్న మాటే రాశాను: బచ్చేదానీ కా ఆపరేషన్. ఫ్రిజ్ తలుపుకి అతికించాను.

అందులో ఉన్నదిది. పది పన్నెండు రోజులు ఎత్తు ఎక్కనివ్వొద్దు, దూకనివ్వొద్దు. కింద రంపపు పొట్టు వెయ్యొద్దు, కోతకి అంటుకుంటుంది, ఉతికిన తువ్వాలు వెయ్యండి. రోజుకి రెండుసార్లు కుట్లు చూడండి, ఎర్రబడినా, వాచినా, తడిగా ఉన్నా ఫోన్ చెయ్యండి. స్నానం వద్దు. నీళ్లు సీసాలో కాదు, వంగి తాగేలా గిన్నెలో. నొప్పి మందు చెప్పిన కొలత మాత్రమే. అన్నిటికంటే కింద, రెండు గీతలు గీసి: మేత తినాలి, పెంటికలు వెయ్యాలి. పన్నెండు గంటలు ఈ రెండూ లేకపోతే ఎంత రాత్రయినా సరే ఫోన్ చెయ్యండి. కుందేలు పేగు ఆగిపోతే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ సాయంత్రం రూయీ మూలన ఒదిగి కూర్చుంది. వీపు గూనిలా, కళ్లు సగం మూసి. పళ్లు పటపటా నూరుతోంది. అది కోపం కాదు, నొప్పి. కుందేలు మామూలుగా మూలగదు, అరవదు. వేటాడే జంతువుల మధ్య బతికే జాతి, దర్ద్ బయటపెడితే ముందు దాన్నే పట్టుకుపోతారు. బేజుబాన్ అన్న మాట చిన్నప్పటి నుంచి వింటున్నాను. మాట లేకపోవడమే అనుకున్నాను. దాచుకోవడం కూడా అని ఇప్పుడు అర్థమైంది.

మగ్రిబ్ అయింది, ఇషా అయింది. గరిక ముట్టలేదు. ఆ గరిక వన్ టౌన్ పూలమార్కెట్లో తెచ్చింది. వినాయకుడికి గరిక అమ్మే మామ్మ నా టోపీ చూసి, "నీకెందుకు నాయనా ఇది?" అని అడిగి, సంగతి విని, ఇంకో గుప్పెడు కొసరు వేసింది.

రాత్రి పదకొండింటికి నేను చేయబోయిన పని చెప్పాలి. కుట్లలో చీము పడుతుందేమోనని భయం పట్టుకుంది. పాపకి జ్వరమొచ్చినప్పుడు తెచ్చిన అమాక్సిసిలిన్ సిరప్ ఫ్రిజ్‌లో ఉంది. పిల్లలకిచ్చేదే కదా, నాలుగు చుక్కలు వేస్తే పోయేదేముందని సీసా మూత తీశాను. అమ్మీ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "కాగజ్ మే నై లిఖా సో మత్ దే" అంది. కాగితంలో లేనిది ఇవ్వొద్దు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే గాభరాపడిపోయింది. ఆ మందు నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లో మంచి సూక్ష్మజీవులు చచ్చిపోతాయట, విరేచనాలు పట్టుకుని ప్రాణమే పోవచ్చట. నా చదువు ఏమీ కాపాడలేదు. ఉర్దూలో రాసిన కాగితాన్ని నమ్మిన అమ్మీ కాపాడింది.

గుళికల మేత వేడినీళ్లలో నానబెట్టి, జావలా చేసి, సూది తీసిన సిరంజితో కొంచెం కొంచెంగా పట్టమంది డాక్టరమ్మ. వెల్లకిలా పడుకోబెట్టొద్దు. నాలుగు కాళ్ల మీద కూర్చోబెట్టి, ముందుపళ్ల పక్కనున్న ఖాళీలోంచి, మింగాక ఇంకో చుక్క. నేను పట్టబోతే తల తిప్పుకుంది. అమ్మీ సిరంజి లాక్కుంది. బిస్మిల్లా అని ఒక చుక్క. మింగింది. ఇంకో చుక్క. పొద్దుపోయేదాకా అమ్మీ అలాగే కూర్చుంది. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చుని నమాజ్ చదవలేక రెండేళ్లుగా కుర్చీలో చదువుతున్న మనిషి, ఆ రాత్రి కిందే కూర్చుంది.

తహజ్జుద్ వేళకి మెలకువొచ్చి చూస్తే అమ్మీ రూయీతో మాట్లాడుతోంది.

"హౌ బేటీ, మాలూమ్ మేరెకూ. నాలుగో రోజు దాకా ఇలాగే ఉంటుంది. దగ్గితే కుట్లు తెగిపోతాయనిపిస్తుంది. నన్నయితే నాలుగో రోజే చపాతీలు చెయ్యమన్నారు. నిన్నెవరూ ఏమీ అడగరు. పడుకో."

తలుపు దగ్గరే నిలబడిపోయాను.

1992. బందరు. నాకు పదకొండేళ్లు, అమ్మీకి ముప్పై రెండు. తెల్లబట్ట అవుతోందని ఊళ్లో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్తే, "బచ్చేదానీ తీసెయ్యకపోతే కేన్సర్ అవుతుంది" అన్నారు. అబ్బాజాన్ అప్పు చేసి ఆపరేషన్ చేయించారు. నాకు గుర్తున్నది ఒక్కటే: అమ్మీ ఇంటికొచ్చింది, కొన్నాళ్లకి నేను బడి నుంచొచ్చి పరాఠా అడిగాను, చేసిపెట్టింది. నడుం పట్టుకుని నిలబడి చేసింది. అది కూడా గుర్తుంది. ఎందుకలా నిలబడిందని అడిగినట్టు మాత్రం గుర్తు లేదు.

ఈ సంగతి మీద నేను పేపర్లో వార్త కూడా రాశాను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రలో దాదాపు తొమ్మిది మంది. అన్ని రాష్ట్రాల కంటే ఎక్కువ. ఎంతోమంది ఆడవాళ్లతో మాట్లాడి రాశాను. మా ఇంట్లో ఉన్న ఆడమనిషితో తప్ప.

ఫజర్ అజాన్ అవుతుండగా తువ్వాలు మీద నాలుగు నల్లటి గింజలు కనపడ్డాయి. మామూలు కంటే చిన్నవి, కానీ పెంటికలే. "అల్హమ్దులిల్లా" అని అమ్మీ గట్టిగా అనేసరికి ఇల్లంతా లేచింది. పెంటికల్ని చూసి ఖుషీతో కళ్లనీళ్లు పెట్టుకున్న ఖాందాన్ బెజవాడలో మాదొక్కటేనేమో. ఎనిమిదింటికి రూయీ తనంతట తాను ఒక గరికపోచ నోట పెట్టుకుంది. అది కరకరా లోపలికి పోతుంటే అందరం గుండ్రంగా కూర్చుని చూశాం.

ఆ మధ్యాహ్నం అమ్మీ తన సందూఖ్ తీసింది. నికాహ్‌నామా ఉన్న గుడ్డసంచీలోంచి పసుపు పచ్చగా మారిన ఒక కాగితం తీసి నా చేతికిచ్చింది.

"దాని కాగితం చదివి రాసిచ్చావు కదా. ఇది కూడా చదువు."

నర్సింగ్‌హోమ్ డిశ్చార్జి కాగితం. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. ఆ రోజుల్లో మా ఇంట్లో ఇంగ్లీషు చదివేవాళ్లు లేరు. తర్వాత నేను నేర్చుకున్నాను, కానీ కాగితం ఉందనే నాకు తెలియదు. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశామని అందులో ఉంది. ఆ మాట అప్పుడెవరూ చెప్పలేదు. అండాశయాలు తీసేస్తే ముప్పై రెండేళ్లకే ముట్లుడిగినట్టవుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు వస్తాయి, ఎముకలు త్వరగా బలహీనపడతాయి. ఇవేవీ అందులో రాసిలేవు. జాగ్రత్తలంటూ ఒక్క ముక్క లేదు.

చదివి ఉర్దూలో చెప్పాను. అమ్మీ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "అయితే ఆ మంటలు నా వహమ్ కాదన్నమాట. మీ దాదీ అనేది, పనికి దొంగవేషాలని. నేనూ అదే అనుకున్నాను, నాలోనే ఏదో కామ్‌చోర్ ఉందని."

"ఎన్నాళ్లున్నాయి అమ్మీ?"

"అబ్ పూఛ్‌రా?" అని నవ్వింది. ఇప్పుడా అడుగుతున్నావు? కానీ చెప్పింది. అసర్ నుంచి మగ్రిబ్ దాకా చెప్పింది. రాత్రిళ్లు తడిగుడ్డ కప్పుకుని పడుకోవడం, ఎవరికీ చెప్పకపోవడం, ముప్పై ఐదో ఏట తన వయసు ఆడవాళ్లు పిల్లల్ని కంటుంటే అఖీఖాల్లో వంటగదిలోనే ఉండిపోవడం. రూయీ దీవాన్ కింద గూడు కట్టినప్పుడు ఎందుకంత సేపు చూసిందో అప్పుడు తెలిసింది.

హుజూర్ (స) ఒక ఒంటె కన్నీళ్లు చూసి దాని యజమానిని పిలిపించారని మనందరం బయాన్‌లలో విన్నాం. ఆకలితో మాడుస్తున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని అది నాకు ఫిర్యాదు చేసిందన్నారు. ఆ హదీస్ విన్నప్పుడల్లా జాన్వర్ల మీద రహమ్ గురించే అనుకునేవాణ్ణి. ఇంట్లో దాచుకున్న దర్ద్ గురించి ఎప్పుడూ అనుకోలేదు.

పదో రోజు డాక్టరమ్మ రూయీ కుట్లు చూసి బాగా మానాయంది. పొట్ట మీద గొరిగిన చోట సన్నగా బొచ్చు మొలుస్తోంది. అమ్మీ వేలితో ఆ గీత పక్కనే నిమిరి, "దీనిది చిన్నదే, మాషా అల్లా" అంది.

మీ ఇళ్లల్లో అమ్మీలు, ఖాలాలు, ఫూఫీలు ఉంటారు. వాళ్ల సందూఖుల్లో కూడా ఇలాంటి కాగితం ఉండొచ్చు. ఒకసారి అడిగి చదివిపెట్టండి. కేన్సర్ భయం చెప్పి ఎవరైనా మీ ఆపాకో బేగమ్‌కో వెంటనే తీసెయ్యాలంటే, ఇంకో డాక్టర్‌కి చూపించండి, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని నోరు తెరిచి అడగండి.

సోమవారం అమ్మీకి ఎముకల పరీక్ష ఉంది. ఆఫీసుకి సెలవు పెట్టాను. డాక్టర్ ఏం చెప్పినా ఉర్దూలో రాసి ఫ్రిజ్‌కి అతికించమని ఇప్పటికే హుకుం అయింది. రూయీ కాగితం తీయొద్దట, దాని పక్కనే పెట్టాలట.