ఏ పేటలో కాపురం?

లేపాక్షి పేరు చెప్పగానే అందరికీ అక్కడి బసవన్న గుర్తుకు వస్తాడు. ఒకే రాతిలో మలిచిన ఈ బసవన్న పొడవు సుమారు 27 అడుగులు, ఎత్తు 15 అడుగులు. ఆయనకు కొద్ది దూరంలో కూర్మశైలమనే గుట్ట మీద వీరభద్రస్వామి ఆలయం ఉన్నది. గుట్ట తాబేలు వీపులాగా ఉంటుంది గనక దానికి ఆ పేరు వచ్చింది. విజయనగరాన్ని అచ్యుతదేవరాయలు పాలించిన కాలంలో, అంటే 1529కీ 1542కీ మధ్య, విరూపణ్ణ అనే కోశాధికారి ఈ ఆలయాన్ని కట్టించాడని చెబుతారు. ఇక్కడి వేలాడే స్తంభాన్నీ, కప్పు మీది రంగుల బొమ్మలనూ చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

ఇలా చూడవచ్చేవాళ్ళు ఉన్నట్లే, ఈ ప్రాంతం విడిచి వెళ్ళేవాళ్ళు కూడా ఉన్నారు. అనంతపురం సీమలో ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన మాత్రమే కురుస్తుంది. పడమటి నుంచి వచ్చే మేఘాలు పడమటి కనుమల మీదనే చాలావరకు కురిసిపోతాయి. తూర్పు సముద్రం మీది నుంచి వచ్చే మేఘాలు ఇంత దూరం చేరేసరికి బలహీనపడతాయి. వేరుశనగ వేసిన రైతు ఆకాశం కేసి చూస్తూ కూర్చోవాలి. వరసగా రెండేళ్ళు వాన తప్పిందంటే ఇల్లు గడవటం కష్టం. అప్పుడు చాలామంది చూపు దక్షిణంగా, 120 కిలోమీటర్ల దూరాన ఉన్న బెంగుళూరు వైపు తిరుగుతుంది.

సరే, వెళ్ళాలని నిశ్చయించుకున్నారు. కాని బెంగుళూరు చిన్న ఊరా? ఏ పేటలో కాపురం పెట్టాలి?

ఒక కుటుంబం ఉన్నదనుకోండి. నాయన, "పనికి దగ్గరగా ఉంటే మేలు," అంటాడు. అమ్మ, "ఎక్కడైనా సరే, కొళాయిలో నీళ్ళు రావాలి," అంటుంది. అవ్వ, "రైలుకు దగ్గరుంటే అప్పుడప్పుడూ ఊరు చూసి రావచ్చు గదా, నాయనా," అంటుంది. పిల్లలకు మంచి బడి కావాలి, ఆడుకోవటానికి కాస్త స్థలం కావాలి. నలుగురూ చెప్పినది న్యాయమే. నాలుగూ ఒకే చోట దొరకటమే కష్టం. అందుకని ముందు ఆ నగరం ఎలా పుట్టిందో తెలుసుకోవాలి.

లేపాక్షి ఆలయం లేస్తున్న ఆ రోజుల్లోనే, 1537లో, విజయనగరానికి సామంతుడైన కెంపేగౌడ బెంగుళూరు కోట కట్టించాడు. నాలుగు జతల ఎద్దులకు నాగళ్ళు కట్టి నాలుగు దిక్కులకూ తోలించి, ఆ చాళ్ళ వెంబడే వీధులు వేయించాడని ఒక కథ ఉన్నది. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడ ఉండాలన్న చిక్కు లేదు. బియ్యం అమ్మేవారికి అక్కిపేట, పత్తి వ్యాపారులకు అరళెపేట, గాజులవారికి బళెపేట, కుమ్మరులకు కుంబారపేట. చేసే పనే ఉండే పేటను నిర్ణయించేది. పనికి నడిచి వెళ్ళవచ్చు. ఇరుగుపొరుగు అంతా ఒకే వృత్తివారు.

అయితే ఇరుకు వీధుల్లో కిక్కిరిసి ఉండటం ప్రమాదమని 1898లో తెలిసివచ్చింది. ఆ ఏడు బెంగుళూరులో ప్లేగు వ్యాధి ప్రబలి, వేలమంది చనిపోయారు. జనం గాలీ వెలుతురూ ఉండే చోట్లకు తరలిపోయారు. వెడల్పాటి వీధులతో, చెట్లతో మల్లేశ్వరం, బసవనగుడి అనే పేటలు పెరిగాయి. మంచి పేట అంటే ముందుగా ఆరోగ్యమన్నమాట.

ఈ బసవనగుడిలో కూడా ఒకే రాతిలో మలిచిన పెద్ద బసవన్న ఉన్నాడు. ఎత్తు సుమారు 15 అడుగులే గాని, పొడవులో మన లేపాక్షి బసవన్నకు తమ్ముడే. ఏటా కార్తీకమాసం చివరి సోమవారానికి అక్కడ వేరుశనగల తిరునాళ్ళు జరుగుతుంది. పూర్వం ఒక ఎద్దు రైతుల వేరుశనగ పైరు మేసిపోయేదనీ, వాళ్ళు మొక్కుకుని మొదటి పంట బసవన్నకు సమర్పించటం మొదలుపెట్టారనీ చెబుతారు. వేరుశనగ పండించే సీమ నుంచి వెళ్ళినవారికి ఆ సంత పరాయిగా తోచదు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది నీరు. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున, ఒక గట్టు మీద ఉన్నది. నగరం మధ్య పెద్ద నది లేదు. గట్టుకు పడమట పడిన వాన అర్కావతి మీదుగా కావేరిలో కలుస్తుంది. తూర్పున పడినది దక్షిణ పినాకినికి పోతుంది. ఈ దక్షిణ పినాకినీ, మన హిందూపురం మీదుగా పారే పెన్నా, రెండూ నందికొండల ప్రాంతంలోనే పుట్టాయి.

నది లేదు గనకనే పూర్వులు వాగులకు అడ్డంగా కట్టలు వేసి చెరువులు తవ్వించారు. పై చెరువు నిండితే మిగులు నీరు కింది చెరువుకు పోయేది. మన అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం ఉన్నట్లే, బెంగుళూరులో కూడా పేరులోనే చెరువున్న ఊళ్ళు ఎన్నో. కన్నడంలో "కెరె" అంటే చెరువు. నాగసంద్ర, సింగసంద్ర వంటి పేర్లలోని "సంద్ర" మన "సముద్రం" లాంటిదే.

నగరం పెరిగినకొద్దీ చాలా చెరువులు పూడిపోయాయి. ఇప్పుడు బస్సులు ఆగే పెద్ద బస్‌స్టాండు ఒకప్పటి ధర్మాంబుధి చెరువు. కంఠీరవ స్టేడియం ఉన్నచోట సంపంగి చెరువు ఉండేది. చెరువును పూడ్చినా వాన తన దారి మరచిపోదు. 2022 సెప్టెంబరులో పెద్ద వానలు కురిసినప్పుడు తూర్పు వైపు ఖరీదైన ఇళ్ళలోకి నీరు వచ్చింది. ఉద్యోగాలకు పోయేవారు ట్రాక్టర్లు ఎక్కవలసివచ్చింది. మళ్ళీ 2024 ఎండాకాలంలో వేలకొద్దీ బోరుబావులు ఎండిపోయాయి. తాగే నీటితో కార్లు కడిగితే 5,000 రూపాయల జరిమానా అన్నారు. ఒకే నగరంలో రెండేళ్ళ తేడాలో ఒకసారి వరద, ఒకసారి కరువు!

బెంగుళూరుకు కావేరి నీరు 1974 నుంచి అందుతున్నది. సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు 500 మీటర్ల ఎత్తుకు పంపులతో తోడాలి. అయిదవ దశ పనులు పూర్తయి 2024 అక్టోబరులో శివార్లలోని 110 గ్రామాలకు నీరిచ్చే ఏర్పాటు ప్రారంభమయింది. కనుక ఇల్లు చూడబోయినప్పుడు, "ఇక్కడికి కావేరి నీరు వస్తుందా, బోరు నీరా, ట్యాంకరు నీరా?" అని తప్పక అడగాలి. అద్దె తక్కువని సంతోషించి, మిగిలినదంతా ట్యాంకరుకు పోస్తే లాభమేమున్నది?

తరువాత దూరం. ఇక్కడ పిల్లలు ఒక లెక్క చేయండి. నాయన పనికి పోవటానికి గంటన్నర, తిరిగి రావటానికి గంటన్నర పడుతుందనుకోండి. రోజుకు మూడు గంటలు. నెలకు 25 రోజులు పనిచేస్తే 75 గంటలు. అంటే నెలలో మూడు పగళ్ళూ మూడు రాత్రులూ బస్సులోనే గడిచిపోయినట్లు! చవక అద్దె వల్ల మిగిలిన డబ్బును ఈ కాలంతో తూచి చూడాలి. మెట్రో రైలు 2011లో మొదలయింది గనక, స్టేషనుకు నడిచి పోగలిగిన చోటు దొరికితే దూరం కాస్త దగ్గరవుతుంది.

అవ్వ కోరిక కూడా తీరే మార్గమున్నది. హిందూపురంలో రైలెక్కితే గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటాక యలహంక, ఆపైన యశ్వంతపురం వస్తాయి. యశ్వంతపురంలో మెట్రో కూడా ఉన్నది. ఉత్తర భాగంలో ఉంటే సొంతవూరు దగ్గర. కాని నాయన పని దక్షిణపు కొసన ఉంటే? అప్పుడు అవ్వ పండుగకు చేసే ప్రయాణం కన్నా, నాయన రోజూ చేసే ప్రయాణానికే ఎక్కువ విలువ ఇవ్వాలి. ఈ మాట అవ్వకు నచ్చజెప్పటం మాత్రం మనుమల పని!

బడి సంగతి భయపడవలసినది కాదు. తెలుగు లిపీ కన్నడ లిపీ ఒకే పాత లిపి నుంచి వచ్చిన తోబుట్టువులు. తెలుగు చదవటం వచ్చిన పిల్లలు కొద్ది వారాల్లో దుకాణాల బోర్డులు కూడబలుక్కుని చదవగలుగుతారు. పొరుగు పిల్లలతో ఆడుకుంటే మాట తానే వస్తుంది.

చివరగా ఒక చిన్న ఉపాయం. ఇల్లు నిశ్చయించే ముందు ఆ వీధికి రెండుసార్లు వెళ్ళాలి: పెద్ద వాన వెలిసిన మరునాడు ఒకసారి, ఎండ మండే రోజున ఒకసారి. వాన మరునాడు గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉన్నదో చూడాలి. ఎండ రోజున బిందెలు వరస కట్టాయేమో చూడాలి. ఆ వీధిలో చాలాకాలంగా ఉన్న పెద్దవారిని, "ఇక్కడ పూర్వం ఏముండేదండీ?" అని అడగాలి. చెరువు ఉండేదని వారు అంటే, ఇల్లు ఎంత అందంగా ఉన్నా మరొక వీధి చూసుకోవటమే మంచిది. లేపాక్షి ఆలయాన్ని రాతి గుట్ట మీద కట్టిన పెద్దలు అయిదువందల ఏళ్ళ కిందటే స్థలం చూసి కట్టారు. మనం ఆ పాటి జాగ్రత్త పడవద్దా?