పట్టూ... విడుపూ...

సంసారమన్నాక పట్టువిడుపులుండాలి అంటాం. మరి విశ్వాసంలో? అక్కడ పట్టు మాత్రమే ఉండాలనీ, విడుపంటే దేవుణ్ని వదిలేయడమేననీ చాలామంది అనుకుంటారు.

మాది సీఎస్‌ఐ కుటుంబం. మా ఆవిడ వాళ్లు ఒంగోలు వైపు బాప్టిస్టులు. మా సంఘంలో పసిపిల్లలకు నీళ్లు చిలకరించి బాప్తిస్మం ఇస్తారు. వాళ్ల దగ్గర అలా కుదరదు. ఊహ తెలిసి, తనంతట తాను నమ్మి, నీళ్లలో మునిగితేనే బాప్తిస్మం. బయటివాళ్లకు ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. మాకు మాత్రం కాదు. పాప పుట్టాక ఆ ప్రశ్న మా ఇంటికే వచ్చింది.

అత్తగారు మొహమాటం లేకుండా చెప్పారు. 'బాబూ, నేను దాన్ని బాప్తిస్మం అనుకోను. పెద్దయ్యాక పిల్లే నిర్ణయించుకోవాలి.' అలా అన్న మనిషే ఆ ఆదివారం మా గుడికి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. మధ్యాహ్నం అందరికీ కొసరి కొసరి వడ్డించారు. 'మీ అభిప్రాయం మారిందా అత్తయ్యా?' అన్నాను. 'లేదు బాబూ. నా నమ్మకం నాదే. కానీ దేవుడు నాకు తెలిసినంతేనని ఎలా అంటాను?' అన్నారు.

ఆ మాట వింటే నాకు డోర్నకల్ బిషప్ అజరయ్య గుర్తొస్తారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన తొలి భారతీయుడాయన. సువార్త ప్రకటించే విషయంలో గాంధీజీతోనే విభేదించారు. అంత పట్టున్న మనిషి 1919లో తరంగంబాడిలో ఇతర సంఘాల వారితో కూర్చుని ఐక్యత గురించి చర్చించారు. బిషప్పులు ఉండాలా, ఒక సంఘం గురువులను మరో సంఘం ఒప్పుకోవాలా... ఈ చిక్కుముళ్లు విప్పడానికి 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో సీఎస్‌ఐ ఏర్పడింది. అది చూడకుండానే 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు.

తెలుగు బాప్టిస్టులు ఆ ఐక్యతలో చేరలేదు. అందుకే ఆ చర్చ మా భోజనాల బల్ల దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. నడవనివ్వండి. నమ్మిందాన్ని దాచుకోవడం వినయం కాదు. నమ్మిందాన్ని చెప్పాక ఎదుటివారి మాటా చివరిదాకా వినడం వినయం.

పాపకిప్పుడు పదేళ్లు. అప్పుడప్పుడు అమ్మమ్మ పక్కన చేరి ఏవో ప్రశ్నలు అడుగుతుంటుంది. రేపు అమ్మమ్మ మాటే సరైందని తనకు అనిపిస్తే? నా వాదన నేను గట్టిగానే వినిపిస్తాను. అయినా తను నీళ్లలోకి దిగుతానంటే, ఆ రోజు తువ్వాలు పట్టుకుని గట్టుమీద నిలబడేది నేనే.